కూర్చోవడం రాని రాజు

ఆ రోజుల్లో గచ్చిబౌలి వైపు వెళ్తున్నానంటే సిటీలో వాళ్ళు జాలిగా చూసేవారు. డెబ్బైల మొదట్లో అక్కడ ఉన్నవల్లా బండలు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ ద్రాక్షతోటలు. ఇరవై మూడేళ్ళ వయసులో, తెనాలి నుంచి ఒక ట్రంకుపెట్టె, రెండు టెరీలిన్ ప్యాంట్లు, గొంతు నిండా పద్యాలు పెట్టుకుని నేను దిగింది ఆ బండల మధ్య ఉన్న ఒక ఊళ్ళో. సర్కారు వారి వయోజన విద్యలో తాత్కాలిక ఉద్యోగం. ఊళ్ళో ఒక కళాకేంద్రం నడపాలి, అందులో పాటలు, ఆటలు పెట్టి జనానికి ప్రజాస్వామ్యం అలవాటు చేయాలి, ఇదీ నా పని. ఆ వయసులో దేశాన్ని బాగుచేయడం చాలా తేలిక. పెళ్ళయ్యాక గాని కష్టమని తెలియదు.

కళాకేంద్రం అంటే పెద్ద భవనం అనుకునేరు. పటేలు గారి గడ్డి కొట్టం. ఊరి పెద్ద కాబట్టి, గడ్డి అయిపోయింది కాబట్టి ఆయన దాన్ని ఉదారంగా ఇచ్చారు. పటేలు చెడ్డవాడు కాదు. కాని ఆయన వీధిలో నడిచి వస్తుంటే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడాలి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవాలి, తలకు రుమాలు ఉంటే విప్పాలి. ఇది చేయమని ఎవరూ చెప్పేవారు కాదు. చేయకపోతే ఏమవుతుందో కూడా ఎవరికీ తెలియదు, ఎందుకంటే చేయనివాడు లేడు. ఆంధ్రా మనిషినని నన్ను కొంచెం ఎడంగా, కొంచెం మర్యాదగా చూస్తూ అందరూ 'సారు' అనేవారు. ఆ మర్యాద నాకు బాగానే ఉండేది.

మూడు నెలల్లో పై అధికారి తనిఖీకి వస్తారని కబురొచ్చింది. ఊరంతా కలిసి ఏదైనా చేసి చూపిస్తే కేంద్రం నిలుస్తుంది, లేకపోతే మూత. నేను తిరిగి తెనాలికి, అక్కడ మా నాన్నగారి ముఖం ముందుకు. రాత్రికి రాత్రి నాటకం ఒకటి రాసేశాను. ప్రజల గోడు వినని రాజు, బుద్ధి చెప్పే మంత్రి, అదీ కథ. రాజుకు పదకొండు పద్యాలు రాశాను (మంత్రికి ఒక్కటీ లేదు, ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది). అయితే నాకు నేనే రాజు వేషం ఇచ్చుకుంటే బాగుండదు కదా. అందుకని ఎన్నిక పెట్టాను. పోటీకి నిలబడ్డ అయిదుగురికి అయిదు కుండలు, ఓటుకు తలా ఒక చింతగింజ, అడ్డంగా ఒక గొంగడి. ఎక్కువ గింజలు వచ్చినవాడు రాజు, తరువాతివాడు మంత్రి, అలా దిగుతూ చివరివాడు ద్వారపాలకుడు. రాగంతో పద్యం చదివేవాడు ఊళ్ళో నేనొక్కణ్ణే కాబట్టి ప్రజాస్వామ్యం మీద నాకు సంపూర్ణ విశ్వాసం ఉండేది.

"ఆడోళ్ళు గూడ ఏస్తరా?" అన్నారు పటేలు. ఆయన కుండ కూడా ఉంది మరి.

పాల అవ్వ అందుకుంది. ఆవిడ రోజూ తెల్లవారుజామున సిటీకి పాలు మోసుకెళ్ళి, మధ్యాహ్నానికల్లా ఊళ్ళో ఉండే మనిషి. "సర్కారు ఓటుకు బండ్లెక్కిచ్చి తోల్కపోతరు గద పటేలా. నాటకం ఓటుకు అక్కరలేమా మేము?"

ఆడవాళ్ళూ వేశారు. గింజలు లెక్కపెడితే గుండన్న రాజు. గుండన్న రాళ్ళు కొట్టేవాడు, ఆరడుగుల మనిషి, పని చేస్తూ పాట ఎత్తితే రెండు బండల అవతలికి వినిపించేది. పటేలు మంత్రి. మిగతా ఇద్దరి సంగతి మనకు అక్కర్లేదు. నా కుండలో రెండు గింజలు. ఒకటి నాదే. రెండోది ఎవరు వేశారో ఆ పుణ్యాత్ములు ఈరోజుకూ చెప్పలేదు. నేను ద్వారపాలకుణ్ణి.

పటేలు చాలాసేపు కుండలకేసి చూశారు. కొట్టం తాళం వెనక్కి అడుగుతారనే అనుకున్నాను. ఆయన చివరికి, "అసలు ఎలక్షన్ల ఓడితే ఇంటికి పంపుతరు. ఈడ మంత్రిని జేస్తున్రు. ఇదే నయమున్నది" అని లేచి వెళ్ళిపోయారు. మర్నాడు అందరికంటే ముందు రిహార్సలుకు వచ్చారు.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. రాజు సింహాసనం మీద కూర్చుని ఉంటాడు, మంత్రి ప్రవేశిస్తాడు. పటేలు గడపలో కాలు పెట్టగానే గుండన్న దిగ్గున లేచి నిలబడి, కిరీటం తీసి చంకలో పెట్టుకునేవాడు. (కిరీటం అట్టది, పైన సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితం. చంకలో పెట్టుకున్నప్పుడల్లా ఒక కొమ్ము వంగేది.) రోజూ అదే. నెల రోజుల పాటు అదే.

"గుండన్నా, నువ్వు రాజువయ్యా. రాజు లేవకూడదండీ బాబూ" అని మొత్తుకునేవాణ్ణి.

"ఎరికే సారూ. లేవొద్దనే అనుకుంట. నేను లేస్తలేను, కాళ్ళే లేస్తున్నయి."

కాళ్ళకు పాఠం చెప్పే పద్ధతి మా ట్రైనింగులో లేదు. అతని తొడల మీద ఇసుక మూట పెట్టి చూశాను. మూటతో సహా లేచాడు. మంత్రి వైపు చూడవద్దన్నాను. చెప్పుల చప్పుడుకే లేచాడు. ప్రతిసారీ నాటకం అక్కడే తెగిపోవడంతో, వల్లెవేసుకుని వచ్చిన మొదటి మాట పటేలు ఒక్కసారి కూడా చెప్పలేకపోయారు. ఆయన ముఖంలో అసహనం కనిపించేది. అది గుండన్న లేచినందుకో, తన మాట ఆగినందుకో నాకు బోధపడేది కాదు. గుండన్న పద్యాలు మానేసి తన పాట బాణీలోనే మాటలు కట్టుకున్నాడు. అవి నా పద్యాలకంటే బాగున్నాయని అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఇంకో సంగతి. రాజు నేనే అవుతాననుకున్న రోజుల్లో, మా వైపు ఆనవాయితీ ప్రకారం, బాగున్నచోట 'వన్స్ మోర్' అని అరవాలని ఊరందరికీ నేర్పి పెట్టాను. ద్వారపాలకుడికి వన్స్ మోర్ ఎవరు కొడతారు?

ఆ రోజు రానే వచ్చింది. చీకటి పడకముందే తిరిగి వెళ్ళాలన్న అధికారి కోసం సాయంత్రం నాలుగింటికే తెర లేపాం. నేను కర్ర బల్లెంతో వాకిట్లో నిలబడ్డాను. మొదటి రెండు రంగాలు హాయిగా నడిచాయి, వాటిలో పటేలు లేరు కదా. మూడో రంగంలో మంత్రి ప్రవేశించాడు. గుండన్న లేచాడు. కిరీటం చంకలోకి వెళ్ళింది. అంతటితో ఆగలేదు. చూస్తున్న జనం కూడా చాపల మీద నుంచి ఒక్కుమ్మడిగా లేచి నిలబడ్డారు, పటేలు వచ్చారు కదా మరి. అందరూ లేవడం చూసి, జాతీయగీతం కాబోలనుకుని అధికారి కూడా లేచి నిటారుగా నిలబడ్డారు. నా ఉద్యోగం నా కళ్ళముందే వెళ్ళిపోతోంది.

పటేలు జనాన్ని చూశారు, రాజును చూశారు. "కూసోండ్రి, నాటకం నడుస్తున్నది" అన్నారు. ఎవరూ కూర్చోలేదు. నిలబడినవాళ్ళు నిలబడే ఉన్నారు. అప్పుడాయన మెల్లగా తన భుజం మీది జరీ కండువా తీశారు. మడిచి చంకలో పెట్టుకున్నారు. నడుం వంచి, "ప్రభువులు కూసోవాలె. ప్రభువులు కూసుంటెనే నా మాట మొదలైతది" అన్నారు. ఇది నేను రాసిన మాట కాదు.

గుండన్న కిరీటం పెట్టుకున్నాడు. కుర్చీ చేతుల్ని పట్టుకుని, చన్నీళ్ళలో దిగేవాడిలా కొంచెం కొంచెంగా కూర్చున్నాడు. పూర్తిగా కూర్చున్నాడు. జనమూ కూర్చున్నారు.

వెనక నుంచి పాల అవ్వ గొంతు వినిపించింది. "వన్స్ మోర్."

పటేలు బయటికి వెళ్ళి మళ్ళీ రావలసి వచ్చింది, మళ్ళీ వంగవలసి వచ్చింది. జనం మూడుసార్లు చేయించారు. మూడోసారికి ఆయన గొంతులో రాగం కూడా వచ్చింది. అధికారి ఏమనుకున్నారో గాని, కేంద్రం నడపవచ్చని రాసి వెళ్ళారు.

ఒక్క నాటకంతో ఊరు మారిపోయిందని అబద్ధం చెప్పను. మర్నాడు వీధిలో పటేలు ఎదురైతే గుండన్న ఎప్పటిలాగే తువ్వాలు తీశాడు. కాని కొట్టం లోపల మాత్రం ఎవరూ ఎవరికోసమూ లేవడం మానేశారు. కొన్నాళ్ళకు పంచాయతీ కూడా పటేలు ఇంటి నుంచి కొట్టంలోకి మారింది. అక్కడ నోరు విప్పనివాళ్ళు ఇక్కడ విప్పారు. చేదబావి ఎవరి గల్లీలో తవ్వాలన్న విషయం మీద మూడు సాయంత్రాలు పోట్లాడుకుని, పాల అవ్వ చెప్పినచోటే తవ్వారు.

చెప్పడానికి సిగ్గుపడి ఇంతవరకూ దాచిన ముక్క ఒకటుంది. ఆ కొట్టంలో ఉన్నది ఒక్కటే కుర్చీ. అది నాది. ఊరందరినీ చాపల మీద కూర్చోబెట్టి, సమానత్వం గురించి నేను ఉపన్యాసాలిచ్చింది ఆ కుర్చీలో కూర్చునే. దాన్నే సింహాసనం చేశాం. నాటకం మర్నాడు వెళ్ళేసరికి అది ఇంకా వేదిక మీదే ఉంది. ఎవరైనా దించి వేస్తారని కాసేపు నిలబడ్డాను. ఎవరూ కదల్లేదు. పాల అవ్వ చాప మీద జరిగి, పక్కన చేత్తో తట్టింది. "ఎంతసేపు నిలవడుతవు? ఈడ జాగున్నది, కూసో బిడ్డా."

అప్పటిదాకా నేను సారునే. టెరీలిన్ ప్యాంటు ఇస్త్రీ సంగతి మరిచిపోయి కూలబడ్డాను.

ఇప్పుడు ఆ చుట్టుపక్కలే, తెల్లాపూర్‌లో, పదిహేనో అంతస్తులో ఉంటున్నాను. మొన్న మా క్లబ్‌హౌస్‌లో పిల్లల నాటకం. పెద్దవాడినని ముందు వరుసలో నా పేరు అంటించిన కుర్చీ వేశారు. వద్దనకుండా కూర్చున్నాను కూడా. కుర్రకారంతా వెనక కింద కూర్చుని ఒకటే నవ్వులు. ఉండబట్టలేక లేచి వెళ్ళి వాళ్ళ మధ్య చతికిలబడ్డాను. నాటకం అయిపోయాక నన్ను లేపడానికి ఇద్దరు చెరో రెక్కా పట్టుకోవలసి వచ్చింది. "ఏంది తాతా, కుర్చీ ఉండంగ గిట్ల కూసున్నవ్?" అని విసుక్కున్నారు. చాలా సుఖంగా ఉండిందని చెప్పి, మోకాళ్ళు పట్టుకుని కుంటుకుంటూ, లిఫ్టులో ఒక్కణ్ణే నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను.