గడప మీద ఎడమకాలి చెప్పు

గడప మీద చెప్పు పెట్టిన మనిషిని నేను ఇన్నేళ్లుగా మాఫ్ చేయలేదు. ఆ మనిషి డిసెంబర్ చివరలో చనిపోయాడు. చనిపోయినా మాఫ్ చేయలేదు. ఇది ముందే చెబుతున్నాను, చదివాక నన్ను ఎవరూ మెత్తటివాడు అనుకోవద్దు.

ఆయన మా మజ్రాలో డ్రైవర్. మజ్రా అంటే తోట, మేకల దొడ్డి రెండూ కలిసిన జాగా. దోహా నుంచి ఉత్తరంగా, మదీనత్ అల్ షమాల్ దాటాక, సముద్రపు గాలి నేరుగా వచ్చి తగిలే చోట ఉంటుంది. నేను అక్కడ మేకలు చూసుకుంటాను. ఆయన నీళ్ల ట్యాంకరు, గడ్డి బండి నడిపేవాడు. బోధన్ సాయిబు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. అందరికీ డ్రైవర్ సాబ్. వయసులో నాకంటే చిన్న, నన్ను పెద్దన్నా అని పిలిచేవాడు. పోయిన ఏడు ఆయన్ను బిర్కత్ అల్ అవామిర్‌లో ట్రక్కుల యార్డుకు మార్చారు. అక్కడ రేకుల క్యాబిన్‌లో, రాత్రి డ్యూటీ దిగి పొద్దున పడుకున్న మనిషి, గ్యాస్ హీటర్ విడిచిన చెడు గాలికి మళ్లీ లేవలేదు.

ఫోన్ చేసింది ఆ యార్డు సూపర్‌వైజర్. కోస్తా వైపు మనిషి. నేను అప్పుడు మేకకు మందు తాగిస్తున్నాను.

"పెద్దాయనా, మీ డ్రైవర్ సాబ్ పోయాడండి. తలుపు మూసుకుని హీటర్ పెట్టుకున్నాడు. అజాగ్రత్త, ఏం చేస్తాం."

చావు వార్త కంటే ఆ ఒక్క మాట నాకు లోతుగా దిగింది.

"అజాగ్రత్తనా? ఎవల గురించి మాట్లాడుతున్నవో ఎరుకేనా నీకు?"

"మరి తలుపు మూసుంది కదండీ."

తలుపు మూసి ఉంది. నా గొడవ అంతా అక్కడే ఉంది. అది మీకు అర్థం కావాలంటే చెప్పు సంగతి చెప్పాలి.

ఇక్కడ చలి అంటే ఊళ్లో నవ్వుతారు. "దుబాయ్‌ల చలేందే అన్నా" అని మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది; ఆమెకు ఏ అరబ్బు దేశమైనా దుబాయే. ఎండాకాలం పెనంలా కాలే గదే జనవరిలో వానగాలి తిరిగితే ఎముకలు కొరుకుతుంది. కరెంటు హీటర్ పెడితే మా గది లైను ట్రిప్ అయ్యేది. అందుకని అర్బాబ్, అంటే మా యజమాని, గ్యాస్ హీటర్ తెచ్చి ఇచ్చాడు. వెనక సిలిండర్, ముందు ఎర్రగా కాలే జాలీ.

అది వచ్చిన రోజు డ్రైవర్ సాబ్ దాని చుట్టూ, సంతలో ఎద్దును చూసినట్టు తిరిగాడు. పైపు పొడుగునా సబ్బు నురుగు పూశాడు. బుడగ లేవలేదు. అప్పుడు వెలిగించాడు. వెలిగించి, ఎడమకాలి చెప్పు విడిచి, తలుపు మూసుకుపోకుండా గడప మీద అడ్డం పెట్టాడు.

ఆ పొద్దునే నేను గడపకు పసుపు రాశాను. పరాయి దేశం, రేకుల గది, అయినా గడప గడపే. ప్రతి శుక్రవారం రాస్తాను. ఆ తడి పసుపు మీద చెప్పు!

"తియ్యి సాబ్! లచ్చిందేవి ఉండే జాగల చెప్పు పెడ్తవా?"

"లచ్చిందేవి వస్తదో రాదో నాకెరుక లేదు పెద్దన్నా. గాలి మాత్రం రావాలె."

"ఇటుక పెట్టు. కట్టె పెట్టు."

"ఇటుకను ఎవడన్న కాలుతోని తంతడు. ఇంకొకని చెప్పును ఎవడు ముడ్తడు? గది వాళ్లు ఎంత తిట్టుకున్నా అది ఆడనే ఉంటది."

నేను ఒప్పుకోలేదు. గొంతు పెంచాను. అప్పుడు ఆయన నీళ్ల మోటారు మనిషి ముందు, వంటమనిషి ముందు, అందరి ముందు అన్నాడు: "ఈ పెద్దన్న దేవుని కోసమని మనల్నందర్ని దేవుని దగ్గరికే తోలేటట్టున్నడు!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. ఆ రోజు కలిసి వండిన కూర ముట్టలేదు. తర్వాత ఎన్నో చలికాలాలు వచ్చాయి. నేను పసుపు రాస్తూనే ఉన్నాను, ఆయన చెప్పు పెడుతూనే ఉన్నాడు.

హీటర్ దగ్గర ఆయనకు కొన్ని పట్టింపులు ఉండేవి. దాని మీద తడి బట్ట కనిపిస్తే తీసి బయట విసిరేవాడు, ఎవరిదైనా సరే. పరుపు పక్కన పెట్టనిచ్చేవాడు కాదు. మంట పసుపుపచ్చగా, పొగరుగా లేస్తే "దీని కడుపుల ఏదో ఉన్నది" అని వెంటనే ఆర్పి, జాలీ దుమ్ము దులిపేవాడు. ఆర్పేటప్పుడు ముందు సిలిండర్ దగ్గరే తిప్పేవాడు, ఆ తర్వాత హీటర్ మీట. పడుకునే ముందు తప్పకుండా ఆర్పేవాడు. "నిద్రపోయే మనిషికి కంబలి దోస్తు, నిప్పు కాదు" అనేవాడు. మేం గొణుగుతూ కంబళ్లు కప్పుకునేవాళ్లం.

శుక్రవారాలు ఎప్పుడన్నా కలిసి దోహా పోతే, ముషైరిబ్ వెనక సందులో చాయ్ తాగేవాళ్లం. అక్కడ కూడా వంగి పొయ్యి కింద పైపు చూసేవాడు. ఒకసారి ఆ మలయాళీ దుకాణదారుకు కోపం వచ్చింది.

"క్యా దేఖ్‌తా భాయ్? చాయ్ పీనే ఆయా యా చెకింగ్ కర్‌నే?"

"చాయ్ హీ పీనే ఆయా. మర్‌నే నై ఆయా" అన్నాడు సాబ్, తాగడానికే వచ్చాను, చావడానికి కాదని. పైపు పగిలి ఉంది. మేం మళ్లీ పోయేసరికి కొత్తది వేసి ఉంది. ఆ రోజు చాయ్ మాకు ఉత్తగానే ఇచ్చాడు. సాబ్ నావైపు చూసి కన్ను కొట్టాడు. నేను చూడనట్టు తాగాను.

ఒక వాన రోజు సంగతి కూడా చెప్పాలి. ఆయన ట్యాంకరు తీసుకుని బయటికి పోయాడు. గాలికి జల్లు లోపలికి కొడుతోందని వంటమనిషి కిటికీకి గోనెసంచి కొట్టాడు, తలుపు దగ్గరికి వేశాడు. నేను హీటర్ ముందు కూర్చున్నాను. కొంచెం సేపటికి తల బరువెక్కింది. చలికి అనుకున్నాను. కడుపులో తిప్పింది. చేపల కూర అనుకున్నాను. కాళ్లు నావి కానట్టు అయ్యాయి. అది ఏమిటో అనుకునే లోపల ఎవరో నన్ను చొక్కా కాలర్ పట్టి గుంజుతున్నారు. ట్యాంకరుతో తిరిగొచ్చిన సాబ్! నన్ను మేకల మధ్య బురదలో పడేసి, వంటమనిషిని కూడా ఈడ్చుకొచ్చాడు.

"గట్టిగ ఊపిరి తీస్కో పెద్దన్నా! తల బరువైతే కూసోవద్దు, బయటికి ఉరకాలె అని ఎన్నిసార్లు చెప్పిన? వాసన రాదు, పొగ రాదు, దొంగలెక్క వస్తది అది!"

నేను అక్కడే కక్కుకున్నాను. ఆసుపత్రికి ఆయనే తీసుకుపోయాడు. తిరిగొచ్చాక పాలు లేని సులైమాని చాయ్ కాచి ఇచ్చాడు. నేను షుక్రియా అనలేదు, ఆయన దాని కోసం ఎదురుచూడలేదు. ఇప్పుడు ఈ మాటలు రాస్తున్న చెయ్యి, ఆ రోజు ఆయన గుంజితే బతికిన చెయ్యి. అంతే అనగలను.

ఇక ఆ రోజు పొద్దుటి మాట. మేకలకు నీళ్లు పెట్టి నేనే ఫోన్ చేశాను.

"ఏం జేస్తున్నవ్ సాబ్?"

"పండుకున్న పెద్దన్నా. ఒళ్లు కాలుతున్నది. గోలీ ఏసుకున్న."

"హీటర్ బంద్ చేసినవా?"

దగ్గుతూనే నవ్వాడు. "నాకే పాఠం చెప్తున్నవా? రూమోళ్లు ఇద్దరు కూసొని చేతులు కాచుకుంటున్నరు. డ్యూటీకి పోయేటప్పుడు బంద్ చేస్తరట. నీ లచ్చిందేవి జాగల నా చెప్పు ఉన్నది, ఫికర్ చెయ్యకు."

వెనక నుంచి తెలుగులో ఒక గొంతు వినిపించింది: "గాలి సంపుతున్నది సాబ్, తలుపేద్దాం!"

"గాలి సంపదు బిడ్డా, గాలి లేకుంటెనే సస్తం" అన్నాడు సాబ్. నాకు వినిపించిన ఆయన చివరి మాట అదే. నాతో కాదు, ఆ గొంతుతో అన్నాడు.

ఖననం అయ్యాక సామాను సర్దడానికి బిర్కత్ అల్ అవామిర్ పోయాను. హీటర్‌ను పోలీసులు తీసుకుపోయారు. నేల మీద సిలిండర్ గుండ్రటి మచ్చ మిగిలింది. తలుపు బయట చెప్పుల రాక్ ఉంది. దాని మీద సాబ్ చెప్పులు రెండూ పక్కపక్కన ఉన్నాయి, పెళ్లికి వచ్చిన వాళ్లు విడిచినంత ముచ్చటగా. చలికాలంలో ఆయన చెప్పులు జంటగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. ఎడమదాన్ని చేతిలోకి తీసుకున్నాను. తలుపు అంచు పడి పడి రబ్బరు మీద గాడి పడి ఉంది.

జ్వరంతో పడుకున్న మనిషి లేచి, తలుపులో పెట్టిన చెప్పు తీసి, చలిలో బయటికి వచ్చి, రాక్ మీద జంట కలిపి, తలుపేసుకుని పడుకున్నాడా? మీరే చెప్పండి.

ఆ గదిలో ఉండే ఇద్దరిని అడిగాను. ఒకడు నేపాల్ మనిషి. "మాలూమ్ నహీ కాకా" అని కళ్లు తుడుచుకున్నాడు. ఇంకొకడు మనవాడు, కరీంనగర్ దిక్కు, పెళ్లాం పిల్లలు ఉన్నవాడు.

"మేం పోయినప్పుడు తెరిచే ఉండె తాతా."

"చెప్పు?"

"సూడలే."

"హీటర్ ఎందుకు బంద్ చెయ్యలే?"

"సాబ్ ఉండనియ్యుమన్నడు."

నిద్రపోయే మనిషికి నిప్పు దోస్తు కాదన్న సాబ్ ఉండనియ్యమన్నాడట. వాడు ఆ మాట చెబుతున్నంతసేపు చేతిలోని ఫోన్ వైపే చూశాడు. ఫోన్ ఆరిపోయి ఉంది.

బోధన్ నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. "అన్నా, ఈడ అందరు ఒకటే మాట. గంత తెలివిగల్లోడు తలుపు మూస్కొని పండుకునుడేందని. ఆయన తప్పేనట. ఇంట్ల నేను వంట చేస్తుంటె కూడ కిటికి తెరువుమని సతాయించెటోడు. ఆయననే మర్సిండా అన్నా?"

"మర్వలే చెల్లే."

"మరి ఎట్లయింది?"

కనుక్కుని చెబుతానన్నాను. మేకలు అరుస్తుంటే దొడ్డి వైపు నడిచాను.

అందుకే ఈ నాలుగు ముక్కలు రాయడం. ఇవి మన తెలుగువాళ్ల ఫోన్లన్నింటికీ పోతాయి. కరీంనగర్ బిడ్డా, బిర్కత్ క్యాంపులో ఉన్న నీకు కూడా వస్తాయి. చెప్పు తీసింది నువ్వే అని నేను అనటం లేదు, నేను చూడలేదు. నువ్వో, ఆ నేపాల్ మనిషో, ఊడ్వడానికి వచ్చిన ఇంకెవరో. కానీ ఎవరు ముట్టారో మీ గదికి తెలుసు. చలికి ఓర్వలేక తీశారు, లేదా చెప్పు ఊరికే పడి ఉందని సర్దారు. చంపాలని తీయలేదు, అది నాకు తెలుసు. పోలీసుల పని పోలీసులు చూసుకుంటారు. నేను అడిగేది ఒక్క మాట: "సాబ్ మరిచిపోలేదు. చెప్పు నేను తీశాను." ఆ మాట నీ నోటితో బోధన్‌కు వినిపించాలి. ఎన్నో ప్రాణాలు కాపాడిన మనిషి పేరు మీద అజాగ్రత్త అనే మట్టి పడనివ్వను.

నా మాట నేను వెనక్కి తీసుకోవటం లేదు. గడప మీద చెప్పు పెట్టడం తప్పే. ఇంకొకని చెప్పును ఎవడూ ముట్టడని ఆయన నమ్మాడు చూడండి, అది అంతకంటే పెద్ద తప్పు.

ఫిబ్రవరి మొదటి శుక్రవారం, జుమా నమాజు అయ్యాక, యార్డు క్యాంపు హాల్లో ఆయన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన. నేను అందరికంటే ముందే వస్తాను. ఆ ఎడమకాలి చెప్పు హాలు గడప మీద పెడతాను, నా చేతితోనే. తలుపు దాని గాడిలో ఆనుకుని ఉంటుంది, సందులోంచి గాలి వస్తూ ఉంటుంది. చలి పెడుతోందని ఎవరూ దాన్ని జరపొద్దు. ఆ పొద్దున తీసినవాడే ఆ రోజు అందరి ముందు వచ్చి తీయాలి. చీకటి పడేదాకా అక్కడే కూర్చుంటాను.