మానుపిల్లి తిన్న గెల

అమలాపురంలో మేము అద్దెకుంటున్న మేడమీది వాటాకు ఎదురుగా ఒక కల్యాణ మండపం ఉంది. దాని రేకుల కప్పుకూ లోపలి సీలింగుకూ మధ్య ఒక మానుపిల్లి ఉంటోంది. పిల్లి అంటారు గానీ పిల్లి కాదు. ముంగిసలాంటి మూతి, నల్లటి ముఖం, ఒంటి పొడుగంత తోక. కొబ్బరి చెట్ల మొవ్వుల్లో పగలంతా పడుకుని, చీకటి పడ్డాక పళ్ల కోసం దిగే జంతువు. మా తోటలోనూ ఉండేవి. తోటా ఇల్లూ అమ్మేశాం. కొన్నవాళ్లు చెట్లు కొట్టించి ప్లాట్లు వేశారు. అవి ఎటు పోయాయో అప్పట్లో నేను ఆలోచించలేదు.

ఊళ్లో ఇది బాగానే బతుకుతోంది. దీపాలు పెట్టే వేళకు రేకు అంచున తల కనిపిస్తుంది. వీధి దాటడానికి కేబుల్ వైర్లున్నాయి. తోకను అటూ ఇటూ వాలుస్తూ వాటి మీద నడుస్తుంది. కింద ఆటోలు హారన్ కొట్టినా ఆగదు. నీళ్లకు మా ట్యాంకు పొర్లే గొట్టం ఉంది. పెళ్లి జరిగిన రోజు వంటశాల వెనక పారేసిన విస్తళ్లలో పైనాపిల్ ముక్కలు, కేసరి ఏరుకుంటుంది. ముహూర్తాలుండని మూఢంలో మాత్రం మా ఇళ్ల మీద పడుతుంది. నేను రోజూ కుర్చీ వేసుకుని చూసేవాణ్ణి. ఇష్టంతో అని చెప్పలేను. చూడటానికి వేరే ఏమీ ఉండేది కాదు.

అలాంటి మూఢంలోనే మా చెల్లెలు, బావగారు వస్తున్నామని ఫోన్ చేశారు. ఇల్లు అమ్మాక ఆమె రావడం అదే మొదలు. ఆడపిల్ల పుట్టింటి నుంచి వెళ్లేటప్పుడు బండిలో చక్కెరకేళి గెల పెట్టి పంపడం మా ఆనవాయితీ. అందులో ఒక్క పండు కూడా తగ్గకూడదనుకుంటూ పెరిగాను. తోట లేదు కనుక అంబాజీపేట వెళ్లి పచ్చిగెల కొని తెచ్చాను. చెల్లెలు వట్టి చేతులతో వెళితే తనకిక పుట్టిల్లు లేనట్టే. అది జరగకూడదు. నాకు కావలసింది అంతే.

గెలను బాల్కనీ కొక్కేనికి వేలాడదీశాను.

"లోపల పెట్టండి. అది రోజూ ఇటే చూస్తోంది," అంది మా ఆవిడ.

"గదిలో ఉక్కకు మచ్చలు పడతాయి."

"మచ్చలు పడితే తింటారు. అది తింటే ఏం చేస్తారు? దానికీ బొట్టు పెట్టి పంపుతారా?"

వాళ్లు వచ్చే రోజు పొద్దున చూస్తే, గెలలో పై అత్తం, అంటే మొదటి వరస పళ్లు, మొత్తం ఖాళీ. తొక్కలు మాత్రం కాడకే వేలాడుతున్నాయి. ముగ్గినవాటినే చూసుకుని తింది. కోపం రావాలి; రాలేదు. మళ్లీ అంబాజీపేట వెళ్లే వ్యవధి లేదు, వాళ్ల కారు అప్పటికే రావులపాలెం దాటింది. ఎంగిలి గెల ఆడపిల్లకు ఇవ్వలేం. దించి, గది తలుపు వెనక పెట్టి గోనె కప్పాను.

భోజనాలయ్యాయి. బయల్దేరేటప్పుడు మా ఆవిడ బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇచ్చింది.

"గెల ఏదన్నయ్యా?" అంది చెల్లెలు.

"ఈసారి లేదమ్మా."

"మరి తలుపు వెనకాల గోనె కప్పుకుని కూర్చున్నదెవరు?"

"అది మానుపిల్లి ఎంగిలి చేసింది. పైగా మనది కాదు, బజారుది."

"పోన్లెండి బావగారూ, డిక్కీలో చోటు కూడా లేదు," అన్నారు బావగారు మర్యాదకు.

ఆమె లోపలికి వెళ్లి గోనె తీసింది. తొక్కల్ని వేలితో కదిపి చూసింది.

"నిండు గెల మాకెప్పుడొచ్చింది? పై అత్తం ఎప్పుడూ ఈ మానుపిల్లులే తినేసేవి. నాన్నగారు ఆ అత్తం కోసేసి, మిగతాది పంపేవారు. నువ్వు బండి దగ్గర నిటారుగా నిలబడేవాడివి గానీ గెలకేసి చూసేవాడివి కాదు. కత్తి తే."

నాన్నగారు అలా కోసేవారని నాకు తెలియదు. కత్తి తెచ్చాను. ఆమె గెల పట్టుకుంది, నేను తొక్కలున్న అత్తం కోసేశాను.

మిగిలినదాన్ని భుజాన పెట్టుకుని మెట్లు దిగాను. మా ఇంటి యజమాని, రిటైరైన మాస్టారు, కింద అరుగు మీద ఉన్నారు. వాళ్ల తాతగారు మా పొలాల్లో పని చేసినవారు.

"అయ్యో, ఇలా ఇవ్వండి బాబుగారూ, నేను పట్టుకుంటాను," అని లేచారు.

"ఆయ్, ఫర్వాలేదండి," అన్నాను.

గెల వెనక సీట్లో చెల్లెలి పక్కన పట్టింది. కోసిన చోటి నుంచి జిగురు కారి ఆమె చీర కొంగు మీద పడింది. అది మరకవుతుందని చెప్పాను. "అవనీ," అంది. కారు వెళ్లిపోయింది.