కడుపుతో ఉన్న కిలోమీటరు

ఆ ఏటికి ఆకలెక్కువ. గట్టునే పోయే రాష్ట్ర రహదారిని ఇప్పటికి మూడుసార్లు మింగింది, ఒక్కసారైనా త్రేన్చలేదు. మొదట బండ్ల బాట, తర్వాత కంకర రోడ్డు, ఆ తర్వాత నల్లటి తారు రోడ్డు. ఎండలు ముదిరి నీళ్ళు తగ్గితే ఆ తారు రోడ్డు ఇప్పటికీ అడుగున కనిపిస్తుంది, మధ్యన తెల్లగీతతో సహా. దానిమీద చేపలు కూడా ఎడమవైపునే పోతాయని రాళ్ళాయన ఒట్టేసి చెబుతాడు. నమ్మనివాళ్ళని దిగి చూసుకోమంటాడు.

రాళ్ళాయన అంటే రోడ్డు గ్యాంగు మేస్త్రి. కిలోమీటరు రాళ్ళకి రంగేసి అంకెలు దిద్దడం ముప్పై ఏళ్ళుగా ఆయన పని. మొత్తం అరవై నాలుగు రాళ్ళు. ఏ రాయి ఏ పక్కకి ఒరిగిందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఇరవై మూడుకీ ఇరవై నాలుగుకీ మధ్య మాత్రం ఒంటరిగా నడవడు. తోడెవరూ దొరక్కపోతే రంగుడబ్బా వాయించుకుంటూ పోతాడు. చప్పుడు ఆపితే వెనకాల తడికాళ్ళ అడుగులు వినిపిస్తాయని ఆయన భయం.

దాని మూలం ఆ మూడో మింగుడులోనే ఉంది. తారు రోడ్డు పోయాక కొత్త రోడ్డుని కొండ చుట్టూ తిప్పి వేశారు. దాంతో ఆ రెండు రాళ్ళ నడుమ దూరం ఆరువందల మీటర్లు పెరిగింది. పద్ధతి ప్రకారం ఇరవై నాలుగు నుంచి చివరిదాకా నలభై ఒక్క రాళ్ళూ పీకి, వెనక్కి జరిపి పాతాలి. మేస్త్రి రాళ్ళ వంక చూశాడు, తన నడుం వంక చూసుకున్నాడు. "ఏరేమైనా టేపు పట్టుకొస్తుందా?" అని, ఒక్క రాయీ కదపకుండానే అన్నీ జరిపేశామని ఆఫీసులో చెప్పేశాడు.

ఆ సంగతి కనిపెట్టింది ఒక్కడే, ఆయన చెల్లెలి మొగుడు. రోజూ పాలవ్యాను ఆ దారినే తోలేవాడు.

"ఏం బావా, నీ కిలోమీటరు కడుపుతో ఉన్నట్టుందే! పురుడెప్పుడు?" అనేవాడు.

"నోరు మూసుకుని బండి తోలు బావా. పుడితే నీ పేరే పెడతాలే" అనేవాడు ఈయన.

పదకొండేళ్ళ కిందట, వానలు వెలిసిన ఓ పొద్దున, పొగమంచులో వ్యాను గట్టు జారింది. ఇరవై నాలుగో రాయి పక్కనే చెల్లెలి టీకొట్టు. ఫోను అక్కడికే వచ్చింది. "రెండు రాళ్ళకీ సరిగ్గా మధ్యలో ఉన్నానే. నీళ్ళు వస్తున్నాయి, తలుపు రావట్లేదు. మనుషుల్ని పంపు." ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. తాళ్ళతో వచ్చినవాళ్ళు రాయి దగ్గర్నించి లెక్కగా ఐదువందల మీటర్లు పోయి ఆగారు. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. ఏట్లో కర్రలేసి వెతికారు.

మేస్త్రి కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. మధ్య అంటే ఎనిమిదివందలని గట్టుమీద ఉన్నవాళ్ళలో తెలిసినవాడు ఆయనొక్కడే. పక్కన రోడ్డాఫీసు పెద్దాయన. మాట గొంతులోకి వచ్చి, ఓ సిగరెట్టు కాలేంతసేపు అక్కడే కూర్చుంది. తర్వాత ఎవరికీ ఏమీ చెప్పకుండా మంచులోకి పరిగెత్తాడు. ఆయన చేరేసరికి వ్యాను పైకప్పు ఒక్కటే కనబడుతోంది.

"బావ పిలుపు విన్నాడురా, ఏటి హోరులో!" అని జనం కథ కట్టారు. ఎంత కోతలరాయుడైనా, ఆ కోత మాత్రం తనది కాదు. ఆ రోజు ఆయన ఏ పిలుపూ వినలేదు. చెల్లెలు మాత్రం, "నువ్వు విన్నావు కాబట్టి శవమైనా దొరికిందన్నా. నేనే చోటు తప్పు చెప్పి చంపుకున్నాను" అని ఇప్పటికీ అంటుంది. ఆయన టీ చల్లారేదాకా గ్లాసులోకి చూస్తాడు.

నిన్న మధ్యాహ్నం రోడ్డాఫీసు నుంచి కొలతల ఇంజనీరమ్మ వచ్చింది. కర్రకి బిగించిన చక్రం దొర్లించుకుంటూ టీకొట్టు ముందు ఆగింది.

"మేస్త్రిగారూ, ఈ కిలోమీటరు పదహారువందలు చూపిస్తోందేంటండీ? నా చక్రం గానీ చెడిందా?"

చెడిందమ్మా అంటే అయిపోయేది. కొత్త రాళ్ళు వచ్చేవి, పాతవి గోతిలో కలిసేవి. కానీ వడపోత గుడ్డ పట్టుకున్న చెల్లెలి చెయ్యి గాల్లోనే ఆగిపోవడం ఆయన చూశాడు.

"చక్రం బాగానే ఉందమ్మా. నేనే రాళ్ళు జరపలేదు" అన్నాడు. చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పిన చోటు సరైందే తల్లీ. ఆ రోజు నాకు తెలుసు. తెలిసే నిలబడ్డాను."

ఆమె స్టవ్వు ఆపింది. గుడ్డ పిండి తాడు మీద ఆరేసింది.

"ఎక్కడ నిలబడ్డావు? చూపించు."

ఇద్దరూ ఐదువందల మీటర్లు నడిచారు. "ఇక్కడే ఉండు. నేను వ్యాను పడ్డ చోటికెళ్ళి పిలుస్తాను. ఆయన పిలిస్తే వినబడేదో లేదో నాకు తెలియాలి" అని ఆమె మలుపు తిరిగింది.

రంగుడబ్బా లేదు, తోడు లేదు. ఏరు పక్కనే నముల్తోంది. కొంతసేపటికి వినబడింది. సన్నగా, నీళ్ళలోంచి వచ్చినట్టు. "బావా!"

ఈసారి కాళ్ళు ఆగలేదు. ముప్పై ఏళ్ళ నడుం నొప్పిని అక్కడే వదిలేసి పరిగెత్తాడు. మలుపులో చెల్లెలు ఎదురైంది. ఆమె ఇంకా సగం దూరమైనా పోలేదు.

"విన్నానమ్మా! వినబడుతుంది!"

ఆమె ఆయన ముఖంలోకి, తర్వాత ఏటి వైపు చూసింది.

"నేనింకా పిలవలేదన్నా."