అవ్వ అమ్మిన ఎనుము

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు ఎద్దులు, ఒక ఎనుము ఉండేవి. గేదెను మా అనంతపురం వైపు ఎనుము అంటాం. మాది ఉరవకొండకు నాలుగు మైళ్ల దూరంలో ఒక చిన్న ఊరు. వానను నమ్ముకుని వేరుశనగ వేసేవాళ్లం. ఆ సంవత్సరం నాకు తొమ్మిదో పదో ఏళ్లు. వరుసగా రెండో ఏడు కూడా పంట పోయింది. విత్తనం పడింది, మొలక వచ్చింది, ఆ తర్వాత వాన రాలేదు. చేలో పీకిన వేరుశనగ కట్టె రెండు మోపులు కూడా కాలేదు. ఇంటి వెనక గడ్డివామి ఉండే చోట ఉగాది నాటికి నేల కనిపిస్తోంది.

పశువులు మూడు, మేత ఒకదానికి కూడా చాలదు. ఎద్దులను అమ్మితే వాన వచ్చిన రోజు మడక కట్టి దున్నడానికి ఏమీ ఉండదు. అందుకని ఎనుమును ఇచ్చేయాలని మా నాయన అనుకున్నాడు. ఆ కరువులో సంతకు తోలుకుపోతే కటికవాళ్లు తప్ప అడిగేవాళ్లు లేరు. ఆయన పది ఊర్లు తిరిగి, ఒక రాత్రి బండి ప్రయాణం దూరంలో ఉన్న ఒక రైతును కుదుర్చుకుని వచ్చాడు. ఆ రైతు బావిలో ఇంకా నీళ్లున్నాయి, వామిలో జొన్న చొప్ప ఉంది. ఇంట్లో పాడి లేదు. ఎనుముకు బదులుగా రెండు బండ్ల చొప్ప, మూడు మూటల రాగులు ఇచ్చేట్టు మాట్లాడుకున్నారు. డబ్బు ప్రస్తావన లేదు. ఆ ఏడు డబ్బుకు మేత దొరికేది కాదు.

ఎనుము మంచిదే. పూటకు పెద్ద చెంబు నిండా చిక్కటి పాలు ఇచ్చేది. కానీ దానికి ఒక గుణం ఉంది. దాని దూడ పుట్టిన నెలకే చచ్చిపోయింది. అప్పటి నుంచి అది మా అవ్వ కూర్చుంటే తప్ప చేపేది కాదు, అంటే పాలు వదిలేది కాదు. అవ్వ అంటే మా నాయన తల్లి. ఇంకెవరు కింద కూర్చున్నా కాలు విసిరేది, పాలు పైకి ఎగబట్టుకునేది. మా అమ్మ ఆరు నెలలు ప్రయత్నించి మోచేతికి దెబ్బ తగిలించుకుని మానేసింది. అవ్వకు జ్వరం వస్తే మాకు ఆ పూట మజ్జిగ లేనట్టే.

ఆ రైతు మొదటిసారి వచ్చినప్పుడు అవ్వే పిండింది. నురగతో నిండిన చెంబు చూసి ఆయన సంతోషపడ్డాడు. పళ్లు చూశాడు, పొదుగు తడిమాడు, సుడులు చూశాడు, ఇంకేమీ అడగలేదు. మేమూ చెప్పలేదు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నాయన అందరి ముందూ ఒకే మాట అన్నాడు.

"ఎవురూ ఏమీ చెప్పద్దండి. తోలుకొని పోయేదంక గమ్మునుండండి."

అవ్వ తలెత్తలేదు. సరే అని కూడా అనలేదు. నేను మాత్రం ఆ మాటను చాలా గట్టిగా పట్టుకున్నాను. ఎద్దుల పక్కటెముకలు నేను రోజూ చూస్తున్నాను. చొప్ప వస్తే అవి బతుకుతాయి. అంతకు మించి నాకు ఏమీ తెలియదు, అక్కర్లేదు కూడా.

వారం తర్వాత తెల్లవారుతుండగా రెండు బండ్లు వచ్చాయి, ఎత్తుగా చొప్ప వేసుకుని. మొదటి బండిని ఆ రైతు, రెండోదాన్ని ఆయన తమ్ముడు తోలుకొచ్చారు. రైతు భార్య కూడా వచ్చింది. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. బండి దిగి, తల మీద కొంగు సర్దుకుని, పశువుల కొట్టం గోడ పక్కన నిలబడింది. అత్త లేని ఇల్లట, పాడి పని ఆమెదేనట. ఆ సంగతి రైతే చెప్పాడు. ఆమె నోరు తెరవలేదు. మగవాళ్లు దారి గురించి, ఎండ గురించి, బావి ఊట గురించి మాట్లాడుకుంటుంటే ఆమె ఎనుము వైపు చూస్తూ ఉంది. అవ్వ ఆమె వైపు చూస్తూ ఉంది.

నాయన చొప్ప దించడానికి పంచె ఎగ్గట్టాడు. అప్పుడు అవ్వ లోపలికి పోయి చెంబు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. పొద్దుటి పాలు ఇంకా తీయలేదని, ఒకసారి ఇక్కడే పిండి చూడమని చెప్పింది. నాయన మొహం మారిపోవడం నేను చూశాను. ఎండ ముదురుతుందని, దూరం పోవాల్సిన వాళ్లని, పోనివ్వమని ఆయన రెండుసార్లు అన్నాడు. అవ్వ విననట్టే ఉంది.

రైతు భార్య కూర్చుంది. పొదుగు మీద నీళ్లు చల్లి చేయి వేసింది, అంతే. ఎనుము కాలు విసిరింది. చెంబు దొర్లుకుంటూ పోయి మేత వేసే గాడికి తగిలింది. ఆమె మళ్లీ కూర్చుంది. ఈసారి దెబ్బ ముంజేతికి తగిలింది. ఒక్క చుక్క రాలేదు. ఆమె లేచి, చేయి కొంగులో దాచుకుని మళ్లీ గోడ పక్కకు పోయింది.

రైతు మా నాయన వైపు తిరిగి, "ఏమన్నా, ఇట్ల చేస్తివే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.  రైతు తమ్ముడితో చొప్ప దించవద్దని చెప్పాడు. మా ఎద్దులు అప్పటికే వాసన పట్టి, పలుపు తెగేలా మెడలు చాచి బండి వైపు చూస్తున్నాయి. నాకు అవ్వ మీద వచ్చినంత కోపం అంతకు ముందు ఎవరి మీదా రాలేదు.

అవ్వ మాత్రం తొందరపడలేదు. రైతు ఎదురుగా పోయి నిలబడింది.

"నిజం చెప్తాండా అప్పా. ఇది నా చేతికి తప్ప ఎవురి చేతికీ చేపదు. మా కోడలికే ఇయ్యదు. మా వాడు చెప్పల్యా, నేనూ ఆ పొద్దు చెప్పల్యా. ఆ తప్పు మాదే. నేను మీ ఊరికొస్తా. ఈ యమ్మి చేతికి చేపేదంక ఆడనే ఉంటా. చేపకపోతే నా ఎనుమును నేను తోలుకొని వస్తా."

రైతు తమ్ముడితో పక్కకు పోయి మాట్లాడి వచ్చాడు. చివరికి ఒక బండి చొప్ప దించుతానని, రెండోది ఎనుము చేపిన తర్వాతేనని, రాగులు మాత్రం మూడు కాదు రెండు మూటలేనని, అవీ అప్పుడేనని చెప్పాడు. నాయన తల ఊపాడు. అవ్వతో మాట్లాడలేదు. ఇంట్లో ఒక నోరు తగ్గుతుందని అమ్మ నన్నూ అవ్వతో పంపింది. దారి పొడుగునా నేను బండి వెనక ఎనుమును చూస్తూ కూర్చున్నాను, అవ్వతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా.

ఆ ఇంట్లో తొమ్మిది రోజులు ఉన్నాం. మొదటి రెండు రోజులు అవ్వ పిండుతుంటే రైతు భార్య పక్కనే కూర్చుని అవ్వ చేతి మీద చేయి ఉంచేది. ఎనుము ఊరుకునేది. మూడో రోజు అవ్వ లేచి ఆమెను కూర్చోబెట్టగానే పాలు ఎగబట్టుకుంది. నాలుగో రోజూ అంతే. రైతు కొట్టం గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అనకుండా చేనికి పోయేవాడు. ఆయన అనకపోవడం ఆమెకు తిట్టు కంటే ఎక్కువగా ఉండేదని ఆమె భుజాలు చూస్తే తెలిసేది.

నాలుగో రోజు సాయంత్రం కుడితి కలుపుతూ ఆమె మొదటిసారి మాట్లాడింది. తను కాపురానికి వచ్చిన ఏడు ఈ ఇంట్లో ఒక ఆవు వట్టిపోయిందట. అప్పటి నుంచి చుట్టాలంతా ఆమె చేయి మంచిది కాదని అంటున్నారట. మొగుడు ఆ మాట అనడు కానీ, ఎవరైనా అంటే కాదనడు. ఈ ఎనుము కూడా ఇవ్వకపోతే ఇక ఆ మాట తన మీద అట్లాగే నిలిచిపోతుందని చెప్పి ఏడ్చింది.

అవ్వ ఆమె చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది.

"చేతిలో ఏముంటాదమ్మీ. నువ్వెవురో దానికి తెలీదు, అంతే."

మరుసటి రోజు నుంచి అవ్వ పద్ధతి మార్చింది. ఎనుము దగ్గరకు పోవడమే మానేసింది. మేత వేయడం, నీళ్లకు తోలుకుపోవడం, ఒళ్లు కడగడం, ఒంటికి పట్టిన గోమార్లు ఏరడం, అన్నీ ఆమె చేతే చేయించింది. రెండు పూటలా ఆమె కింద కూర్చుని, పాలు వచ్చినా రాకున్నా కాసేపు పొదుగు నిమిరి లేవాలి. అవ్వ వాకిట్లో రాతి మీద, కొట్టానికి వీపు పెట్టి చింతకాయలు కొడుతూ కూర్చునేది. పొదుగు బరువెక్కి ఎనుము అరిచేది. అవ్వ కోసమే అరుస్తోందని నాకు తెలుసు. అవ్వకూ తెలుసు. దాన్ని దూడప్పటి నుంచి పెంచింది అవ్వే. అది అరిచినప్పుడల్లా అవ్వ చేతిలో ఉన్న చింతకాయలు ఇంకా గబగబా కొట్టేది. వెనక్కి మాత్రం తిరగలేదు.

రెండు రోజులు అట్లా గడిచాక ఇక పొదుగు పాడైపోతుందేమోనని రైతు కంగారుపడ్డాడు. ఒక్క పూట పిండమని అవ్వను అడిగాడు. అవ్వ ఆ పూటకు పొదుగు తేలికపడేంత మాత్రం తీసి, మళ్లీ రాతి మీదికి పోయింది. 

ఎనిమిదో రోజు పొద్దున నేను వాకిట్లో మొహం కడుక్కుంటున్నాను. కొట్టంలోంచి ఖాళీ చెంబులో పాలధార పడిన చప్పుడు వినిపించింది. సన్నగా, గంట కొట్టినట్టు. ఆగింది. మళ్లీ మొదలైంది. కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడింది, నురగ మీద పడుతున్నట్టు. అవ్వ చింతకాయలు కొట్టడం ఆపేసి వింటూ కూర్చుంది. రైతు భార్య చెంబుతో బయటికి వచ్చింది. సగం కంటే కొంచెం ఎక్కువ ఉంది, అంతే. ఆ చెంబును మొగుడికి కాదు, అవ్వకు చూపించింది.

ఆ సాయంత్రమూ, మరుసటి పొద్దునా కూడా చేపింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, ఎనుము మేతకు పోయిన సమయం చూసి అవ్వ బయలుదేరుదామంది. దానికి కనిపించకుండా పోవాలని. రైతు రెండో బండి చొప్ప కట్టాడు. రాగులు రెండు మూటలు వేశాడు. మూడో మూట గురించి అవ్వ అడగలేదు, ఆయన ఆ మాట ఎత్తలేదు. ఆయన భార్య మాత్రం ఊరి పొలిమేర దాకా బండి వెనక నడిచి వచ్చింది.

దారిలో నాకు కోపం ఇంకా పూర్తిగా పోలేదు. గమ్మున ఉండి ఉంటే మూడు మూటలూ వచ్చేవి కదా, నాయన చెప్పినట్టు ఎందుకు ఉండలేదని అడిగాను. అవ్వ బండి ఎద్దుల వైపు చూస్తూ చెప్పింది.

"బేరమాడింది మీ నాయన, ఆ యప్ప. పొద్దున్నే లేచి దాని కింద కూచునేది ఆ యమ్మి. ఆ యమ్మిని ఎవురన్నా ఒక మాట అడిగినారా?"

 అప్పుడు నాకు ఆ మాట పూర్తిగా ఎక్కలేదు. ఇంటికి వచ్చాక నాయన చొప్ప దించి వామి వేసుకున్నాడు. అవ్వతో మళ్లీ మామూలుగా మాట్లాడడానికి ఆయనకు నెల పట్టింది. వాన ఆలస్యంగా వచ్చింది. చివరి పదిహేను రోజులు మా ఇంట్లో సంగటి ముద్దలు చిన్నవయ్యాయి. ఒక మూట ఎంత బరువో ఆ రోజుల్లో నాకు బాగా తెలిసింది. ఎద్దులు రెండూ బతికాయి. మూడో మూట లేకపోయినా బతుకుతామని ఆనాడు ముందుగా ఎవరికీ తెలియదు, అవ్వకు కూడా.

నేను పెళ్లై ఉరవకొండకు వచ్చాక మా ఆయనతో కలిసి చిన్న బట్టల అంగడి పెట్టుకున్నాం. ఆయన పోయాక కూడా నేనే చూసుకుంటున్నాను. చుట్టుపక్కల పల్లెల వాళ్లు పెళ్లి బట్టలకు జీపులోనో ఆటోలోనో వస్తారు. పెద్దవాళ్లు ముందు కూర్చుంటారు. రంగు వాళ్లే చెబుతారు, అంచు వాళ్లే చెబుతారు, బేరం వాళ్లే ఆడతారు. పెళ్లికూతురు ఒక మూల చాప మీద కూర్చుని చూస్తూ ఉంటుంది.

నేను చీరను వాళ్ల ముందు పరచను. లేచి పోయి ఆ పిల్ల ముందు పరిచి, నీకేది బాగుందని అడుగుతాను. కొందరు పెద్దలకు అది నచ్చదు. ఇంతమందిమి ఉంటే చిన్నపిల్లను అడుగుతావేమని ఎదురంగడికి పోయినవాళ్లు ఉన్నారు. నా కూతురు విసుక్కుంటుంది, పోయిన బేరాలు గుర్తుచేస్తుంది. పోయిన బేరానికి నాకూ బాధ ఉంటుంది. ఆ బాధ లేదని చెప్తే అబద్ధం.

ఆ పిల్లలు వెంటనే జవాబు చెప్పరు. ముందు వాళ్ల నాయన వైపు చూస్తారు, తర్వాత అత్త వైపు చూస్తారు, తర్వాత చీర వైపు చూస్తారు. ఒక్కోసారి చాలాసేపు పడుతుంది. ఆ పిల్ల నోరు తెరిచేదాకా నేను ధర చెప్పను.