ఆగిపోయిన అవ్వ నమాజు

నా చిన్నప్పుడు నేను కట్టిన లెక్కల్లో ఒకదాన్ని మాత్రం ఇంతవరకూ ఏ పుస్తకంలోనూ ఎక్కించలేదు. వానలు, పురుళ్ళు, చావులు, కాలువకు నీళ్ళు వదిలిన రోజులు తేదీలతో సహా రాసిపెట్టే అలవాటు నాది. ఆ ఒక్కటి రాయడానికి చేయి రాలేదు.

కొడవలూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే పల్లె మాది. ఇంట్లోనూ తెలుగే మాట్లాడుకునే ముస్లిములం. మా తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నాకు పదో ఏడు వచ్చేసరికి మా అవ్వకు మతిమరుపు ముదిరింది. కన్నబిడ్డల పేర్లు, పొయ్యి మీది కూడు, అన్నీ జారిపోయి నమాజు వేళలు మాత్రమే మిగిలాయి. చదివిన సంగతి కూడా మరిచేది. మధ్యాహ్నపు నమాజు ముగించి చాప చుట్టిన కాసేపటికే, చదివినానా అని నన్నడిగి, నా జవాబు నమ్మక, మళ్ళీ కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి నీళ్ళు తోడుకొనేది.

బడిలో లెక్కల్లో మొదటిదాన్నన్న పొగరు నాకుండేది. ఆమె నమాజు ముగించినప్పుడల్లా వసారా గోడ మీద సుద్దతో గీత గీయసాగాను. సాయమని చెప్పుకున్నాను గాని, లోపల ఉన్నది ఆమె తప్పును రుజువు చేయాలన్న పంతమే.

ఒక ముసురు రోజు పరుపుల కోసం వచ్చిన ఆడవాళ్ళు వసారాలో కూర్చుని ఉన్నారు. అవ్వ నాలుగోసారి చెంబు అందుకుంది. నేను ఆమె చేయి పట్టి గోడ దగ్గరికి లాక్కుపోయాను.

"మూడుసార్లు చదివినావు. ఒక్కటన్నా గుర్తుండాదా నీకు?"

దేవుడికే విసుగు పుట్టి ఉంటుందని ఒకామె నవ్వింది. అవ్వ ఆ గీతలను వేలితో తడిమింది.

"నాకే గుర్తులేకపోతే, ఆయనకెట్టా చేరుంటాయి పాపా?" అని, చెంబు కింద పెట్టి గోడవారగా కూలబడింది. ఇక చదవనంది.

తాత ఏకడం ఆపి లేచి వచ్చాడు. గడ్డం నిండా దూది. చెంబు తీసుకుని ఆమె పాదాల మీద తానే నీళ్ళు పోశాడు.

"చేరినాయో లేదో మనకెందుకు? ఇప్పుడు ఆయన మీద ధ్యాస పుట్టింది గదా. లెయ్, నేనూ నిలబడతా."

ఇద్దరూ నిలబడ్డారు. ఆమె మరిచిన చోటల్లా తాత గొంతు కాస్త పెంచి అందించాడు. ముగిశాక నా వైపు తిరిగాడు.

"మంచీ చెడ్డా రాసే దూతలిద్దర్ని అల్లా ఆమె భుజాల మీదనే పెట్టినాడు. నిన్నెవరు పెట్టినారు?"

ఆ సాయంత్రం క్షమించమని అవ్వ ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. జరిగింది చెప్పినా ఆమెకు గుర్తు రాలేదు. "నువ్వా? నువ్వట్టా అనవు పాపా," అని నా తల నిమిరింది. మరిచిన మనిషి క్షమించడం ఎలా? ఆ చలికాలంలోనే ఆమె పోయింది.

ఎవరు మసీదుకు రాలేదో, ఎవరు ఉపవాసం తప్పారో వేలెత్తి చూపే పెద్దమనుషులను చూస్తే నాకు ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. మండిన మరుక్షణమే ఆ నిమిరిన చేయి తలకు తగులుతుంది.

అన్నాను అవ్వా. నేనే అన్నాను.