పెద్దులు బండిలో పిల్లాడు

పెద్దులు బస్సెక్కేటప్పుడు ముందు పిల్లల బండి ఎక్కుతుంది, దాని వెనక పెద్దులు ఎక్కుతాడు. బండిలో పిల్లాడు మాత్రం ఉండడు. ఉండవలసిన చోట ఒక సిమెంటు బకెట్టు, రెండు తాపీలు, ఒక రబ్బరు సుత్తి, నేల సమంగా ఉందో లేదో చూసే మూరెడు రసమట్టం. వాటి మీద మెడదాకా కప్పినట్టు చిన్న పువ్వుల తువ్వాలు. పెద్దులు టైల్ మేస్త్రీ. యాభై రెండేళ్లవాడు, జగిత్యాల వైపు మనిషి. పద్దెనిమిదేళ్లుగా మస్కట్‌లో ఎవరెవరి ఇళ్లకో నేల పరుస్తున్నవాడు. అంతటివాడు ఆ బండి పిడిని రెండు చేతులా పట్టుకుని, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "ఆఁ ఆఁ, అయిపాయె" అని బకెట్టును ఊరడిస్తూ పది వారాలు ప్రయాణం చేశాడు.

పిల్లాడి గురించి ఎవరు అడిగినా ఆయన దగ్గర జవాబు ఒకటే. వేలు పెదవుల మీద పెట్టుకుని, "పండుకున్నడు" అనేవాడు.

ఆ బండి సంగతి తెలియాలంటే ముందు బస్సులో ఒక చోటు సంగతి తెలియాలి. రూవీ నుంచి మబేలా పోయే బస్సులో మధ్య తలుపుకు ఎదురుగా సీట్లు లేని ముక్క నేల ఒకటుంది. పైన గోడకు రెండు బొమ్మలు: ఒకటి చక్రాల కుర్చీ, ఒకటి పిల్లల బండి. ఆ రోజుల్లో నా బతుకంతా ఆ ముక్క నేల మీదే ఆధారపడి ఉండేది. నేను చక్రాల కుర్చీలో తిరిగే మనిషిని. మావారు భానుతేజ సొహార్‌లో ఉద్యోగం చేస్తూ గురువారం సాయంత్రాలు ఇంటికొచ్చేవారు. మిగతా రోజులు గుబ్రాలో నేనూ నా కుర్చీ. మవాలెహ్‌లో ఒక క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగం దొరికింది. మూడు నెలలు చూస్తామన్నారు. ఆ మూడు నెలల్లో మూడుసార్లు ఆలస్యమైతే నాలుగోరోజు రానక్కర్లేదన్నారు.

"కారులో దింపేవాళ్లు లేకుండా ఎలాగే అన్నపూర్ణా?" అని కాకినాడ నుంచి మా పిన్ని బెంగపడింది.

"బస్సుంది పిన్నీ," అన్నాను, బస్సు నా సొంతమైనట్టు.

మొదటి రోజు పొద్దున బస్టాపులో కూర్చున్నాను. ఆ వేళకు మస్కట్ కొండలు ఇంకా ఏ రంగులో ఉండాలో నిర్ణయించుకోవు. కాసేపు ఊదా, కాసేపు బూడిద. బస్సు వచ్చి, ఒంటె మోకాళ్లు వంచినట్టు ఒక పక్కకు ఒరిగింది. తలుపు తెరుచుకుంది. లోపల నా ముక్క నేల కనిపించలేదు. ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్ల కార్టన్లు, తాళ్లతో బిగించిన టీవీ పెట్టెలు, దుప్పట్ల మూటలు కిటికీ ఎత్తున పేర్చి ఉన్నాయి. డ్రైవర్ జైనబ్ దిగివచ్చి చూసింది. జరపండని బతిమాలింది. జరపడానికి ఎవరి ముందూ జానెడు చోటు లేదు.

"నెక్స్ట్ బస్, సిస్టర్," అంది, నాకంటే ఎక్కువ చిన్నబోయి.

తరవాతి బస్సు అరగంటకు వచ్చింది. తొలిరోజే తొలి ఆలస్యం.

రెండో రోజు అదే బస్సు, అదే జైనబ్. చోటులో కార్టన్లు లేవు. నెరిసిన మీసాల మనిషి ఒకడు, పువ్వుల తువ్వాలు కప్పిన పిల్లల బండి పట్టుకుని నిలబడ్డాడు. పసిపిల్లతో ఎవరు పోట్లాడతారు? ఇంతలో జైనబ్ ర్యాంపు వాల్చేలోపు ఆ మనిషి ఒక తతంగం మొదలుపెట్టాడు. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. రసమట్టం చంకలో పెట్టాడు. తాపీలు నడుముకు దోపాడు. బకెట్టు తీసి కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. చివరగా బండి నడుము మీద కాలితో ఒక్క తన్ను. అది టప్పున మడుచుకుంది. పిల్లాడు ఇప్పుడు పడతాడు ఇప్పుడు పడతాడని ఊపిరి బిగబట్టిన కేరళ నర్సమ్మ ఒకావిడ సగం లేచి మళ్లీ కూర్చుంది.

"ఇగ రా బిడ్డా. జాగ తయార్."

"థాంక్సండీ," అన్నాను.

మూడోరోజూ అంతే. నాలుగోరోజూ అంతే. వారం తిరిగేసరికి నాకు లోపల మండటం మొదలైంది. అది నా చోటు. గోడ మీద నా బొమ్మ ఉంది. ఈయనెవరో పిల్లాడు లేని బండితో దాన్ని ఆక్రమించుకుని, రోజూ ఏదో దానం చేసినట్టు నా చోటు నాకే ఇచ్చి, నా చేత థాంక్స్ చెప్పించుకుంటున్నాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"పెద్దులు గారూ, పిల్లల బండిలో సామాను ఎందుకండీ?"

"సిమెంటు బకెట్ చేతిల పట్టుకొని ఎక్కితే మంది మూతి ముడుస్తరు బిడ్డా," అన్నాడు. "బండిల పెడితే ముద్దు చేస్తరు."

గడుసువాడు అనుకున్నాను. ఆ జవాబు ఎంత సరిగ్గా ఉందంటే, అందులో ఇంకేమైనా దాగి ఉంటుందన్న అనుమానమే రాలేదు.

నిజంగానే ముద్దు చేసేవారు. బస్సు గుబ్రా చేరకముందు జరిగేవి జైనబ్ నాకు చెప్పేది. సీబ్‌లో ఉర్దూ తెలిసిన బలూచీ ఇంట్లో పుట్టింది కాబట్టి ఆమె హిందీ నా హిందీ కంటే చాలా నయం. బండి ఎక్కగానే బస్సులో గొంతులు తగ్గేవట. ఫోన్లో పాటలు పెట్టుకున్నవాళ్లు ఆపేసేవారట. ఒకసారి ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చున్న ఒమానీ ముసలమ్మ బిడ్డను దీవిస్తానని తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చిందట. చేతికి రసమట్టం తగిలింది. బయటికి తీసి, అందులో అటూ ఇటూ ఈదే గాలిబుడగను చాలాసేపు చూసింది.

"బచ్చేకా ఖిలోనా," అన్నాడట పెద్దులు. పిల్లాడి ఆటవస్తువని.

ముసలమ్మ "మాషా అల్లా" అని, రసమట్టం ఎక్కడిదక్కడ పెట్టి, దాని పక్కన నాలుగు ఖర్జూరాలు ఉంచింది. గుబ్రాలో అవి నా ఒళ్లో పడ్డాయి. "తిను బిడ్డా. ఆని నోట్ల ఇంక పండ్లు రాలె."

బండిని చూసి ముద్దు రానివాడు బస్సంతటికీ ఒక్కడే, ఇస్రార్. పాకిస్తానీ ప్లంబర్, పాతికేళ్లవాడు. రోజూ ఒక కట్ట పైపులతో ఎక్కేవాడు. ఆ పైపులకు చోటు లేక భుజాన మోసుకుని నిలబడేవాడు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అవి ఎవరిదో ఒకరి చెవి గోకేవి.

"చాచా, మీ బచ్చా రోజూ డ్యూటీకి పోతాడా?" అని హిందీలో తగులుకునేవాడు. "వీడికి రెసిడెంట్ కార్డు ఉందా? ఏ కంపెనీ వీసా?"

"ఫ్రీ వీసా," అనేవాడు పెద్దులు.

"సెలవు కూడా పెట్టడా?"

"నీ లెక్క గాదు. పనిమంతుడు. సప్పుడు చెయ్యకు, పండుకున్నడు."

బండి మడిచినప్పుడల్లా దాని మూలల్లోంచి చిన్న చిన్న తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు రాలేవి, కూడిక గుర్తుల్లా. నా చక్రాల కింద పడి కిరకిరలాడేవి. ఇవేమిటని అడిగితే ఒకటి ఏరి చూపించాడు. "స్పేసర్లు అంటరు. టైలుకు టైలుకు నడుమ పెడ్తం. లేకుంటె టైళ్లు జరిగి జరిగి సందు మూసేస్తయి. ఇది జాగ పట్టి ఉంచుతది. పని అయినంక తీసేస్తం." ఆ ముక్కను నా చేతిలో పెట్టాడు. నేను పర్సులో వేసుకుని మరిచిపోయాను.

ఆయనకు లోకమంతా టైళ్లలోనే కనిపించేది. ఒక పొద్దున గుబ్రాలో నాతోపాటు నిజమైన పిల్లాడితో నిజమైన బండి వచ్చింది. తల్లి ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఏ క్షణమైనా ఏడ్చేలా ఉంది. పిల్లాడు అప్పటికే ఏడుస్తున్నాడు. జైనబ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకరు ఆగిపోవాలి. నేను గడియారం చూసుకున్నాను. పెద్దులు మాత్రం నేల చూశాడు.

"నాలుగు టైళ్ల జాగ. నీ కుర్చీ రెండు. గా బండి ఒకటిన్నర. అర టైలు మిగుల్తది."

మిగిలిన అర టైలులో ఒంటికాలి మీద తను నిలబడ్డాడు. బకెట్టు కేరళ నర్సమ్మ కాళ్ల దగ్గర చేరింది. మడిచిన బండి ఇస్రార్ చేతుల్లో పడింది.

"నాకెందుకు చాచా?"

"పట్టుకో. కింద పెడితే లేస్తడు."

బస్సంతా నవ్వింది. ఏడుస్తున్న పిల్లాడు కూడా ఏమైందోనని ఆగాడు. ఆ పూట ఇస్రార్ ఒక భుజాన పైపులు, ఒక చంకలో బండి పెట్టుకుని మవాలెహ్ దాకా ఎవరినీ తిట్టకుండా వచ్చాడు.

ఎనిమిదో వారంలో ఒక బుధవారం బస్సు వచ్చి ఒరిగింది. తలుపు తెరుచుకుంది. కిటికీ ఎత్తున కార్టన్లు.

జైనబ్ దిగివచ్చి నా ముందు నిలబడింది. "ఈరోజు బచ్చా రాలేదు," అంది. "చాచా కార్డు రెన్యువల్‌కు పోయాడు."

"ఆయన రాకపోతే..." అంటూ లోపలికి చూశాను. ఎనిమిది వారాలుగా నేను చూడనిది అప్పుడు కనిపించింది. ఖాళీగా ఉన్న చోటును బొమ్మ కాపాడదు. రూవీలో ఎక్కిన మొదటి కార్టన్‌కు అది ఖాళీ నేల, అంతే.

"నీకు తెలీదా?" జైనబ్ ఆశ్చర్యపోయింది. "వాళ్ల కంపెనీ వ్యాన్ హమ్రియాలో వాళ్ల రూమ్ ముందుకే వస్తుంది. నీ మొదటి రోజు ఆ వ్యాన్ తప్పి నా బస్సెక్కాడు. నువ్వు ఇక్కడ ఆగిపోవడం చూశాడు. దిగేటప్పుడు అడిగాడు, ఆ అమ్మాయి రేపూ వస్తుందా అని. మర్నాటి నుంచి బండి."

"మరి ఆయన డ్యూటీ?"

"ఆలస్యంగా వెళ్తాడు. అందరూ పోయాక కూర్చుని ఆ పని పూర్తిచేస్తాడు. ఫోర్‌మన్ ఫోన్లో తిడుతుంటే రోజూ బస్సంతా వింటుంది. నీ స్టాప్ వచ్చేలోపు ఫోన్ పెట్టేస్తాడు."

బస్సు వెళ్లిపోయింది. రెండో ఆలస్యం. ఇంకొక్కటి మిగిలింది, అది జరిగితే ఉద్యోగం లేదు. కానీ ఆ అరగంటా నేను క్లినిక్ గురించి ఆలోచించలేదు. ఎనిమిది వారాలు ఎంత పొడిగా థాంక్స్ చెప్పానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు బండి వచ్చింది. తువ్వాలు, రసమట్టం, తాపీలు, బకెట్టు, తన్ను. "ఇగ రా బిడ్డా."

"బాబాయ్," అన్నాను. అలా పిలవడం అదే మొదలు. "మీకు కంపెనీ వ్యాన్ ఉందట."

"ఉన్నది."

"మరి దాన్లో వెళ్లరేం?"

"దాంట్ల ఏసీ లేదు బిడ్డా."

అది జనవరి. ఆయన చెవుల చుట్టూ మఫ్లర్ ఉంది.

"నా కోసం కాదన్నమాట."

"నీ కోసమెందుకు? నీ జాగ నీకున్నది. గోడకు బొమ్మ గూడ ఏసిన్రు." కిటికీలోంచి కొండల వైపు చూశాడు. "గని ఖాళీ జాగ చూస్తే మంది ఊకోరు. ఏదన్న ఒకటి పట్టి ఉంచాలె. గంతే."

ఇంకేదో అనబోయాను. ఆయన చంకలో మడిచి ఉన్న బండి వైపు కళ్లతో చూపించి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

పదో వారం చివర మబేలా విల్లాల్లో నేల పని ముగిసింది. కంపెనీ పెద్దులును సలాలా పంపుతోంది. గురువారం మవాలెహ్‌లో నేను దిగేటప్పుడు ఆ మాట చెప్పాడు.

"ఆడ కొబ్బరి తోటలు ఉంటయట. చల్లగుంటదట."

"అయితే ఏసీ లేకపోయినా పర్లేదు," అన్నాను.

మీసాల్లో నవ్వాడు.

"మరి బండి, బాబాయ్?"

"వెయ్యి కిలోమీటర్లు బిడ్డా. పసివోణ్ణి అంత దూరం తిప్పుతరా?"

నాకింకా రెండు వారాలున్నాయి. ఆ సంగతి ఆయనకు గుర్తు చేయలేదు. గుర్తు చేస్తే సలాలా ఎగ్గొట్టేవాడేమోనని భయం.

ఆదివారం పొద్దున అరగంట ముందే స్టాపుకు చేరాను. పర్సులో చెయ్యిపెడితే ఆ తెల్లటి ప్లాస్టిక్ ముక్క తగిలింది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాను. కొండలు ఊదాలోంచి బూడిదలోకి మారుతున్నాయి. బస్సు వచ్చింది. కిటికీల్లోంచి కార్టన్లు కనిపించాయి. ఒకదాని మీద ఒకటి, ఒకదాని మీద ఒకటి. కళ్లు మూసుకున్నాను. బస్సు ఒరిగిన చప్పుడు, తలుపు చప్పుడు. లోపల మాత్రం విచిత్రంగా ఎవరి గొంతూ పెద్దగా లేదు.

కళ్లు తెరిచాను. అటు కార్టన్లు, ఇటు కార్టన్లు. మధ్యలో నాలుగు టైళ్ల నేల, దాని మీద పిల్లల బండి. అదే పువ్వుల తువ్వాలు. తువ్వాలు కింది నుంచి రెండు పైపులు కాళ్లు చాపినట్టు బయటికి వచ్చి ఉన్నాయి. పిడి పట్టుకుని నిలబడ్డవాడికి ఆ పని కొత్త అని తెలిసిపోతూనే ఉంది. వేళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నాడు.

"ఇస్రార్ భాయ్," అన్నాను, అంతకంటే ఏమనాలో తెలియక. "బచ్చా?"

ఇస్రార్ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"సో రహా హై," అన్నాడు మెల్లగా. "నైట్ డ్యూటీ చేసొచ్చాడు."