ఎక్కడ కూకుంటావమ్మా

రిటైరయ్యాక నేను శ్రీకాకుళంలో ఒక మహిళా సహాయ కేంద్రానికి వెళ్లి పని చేసేదాన్ని. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లతో ఎలా మాట్లాడాలో మాకు నేర్పడానికి బొబ్బిలి నుంచి ఒక మేడమ్ వచ్చేవారు. ఎవరొచ్చినా ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే: "ఎక్కడ కూకుంటావమ్మా?" భయంతో బతికిన మనిషికి ముందు ఒక చిన్న విషయమైనా తన ఇష్టప్రకారం జరగాలనేవారు.

ఒకరోజు చేపలమ్మే ఒకామెను భర్త వెంటబెట్టుకొచ్చాడు. ఆమె అంతకుముందు మా దగ్గర పెట్టిన ఫిర్యాదు రాజీ అయిపోయిందని, ఇంటికి తీసుకెళ్లిపోతానని అన్నాడు. ఆమె చెయ్యి వాచి ఉంది. మేం ఏది అడిగినా జవాబు అతనిదే. మేడమ్ అతన్ని వరండాలో కూర్చోమని పంపి, ఆమెను తన ప్రశ్న అడిగారు. ఆమె కుర్చీలు వదిలి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. మేడమ్ కూడా మోకాళ్లు పట్టుకుని మెల్లగా కిందే కూర్చుని, టీ తెప్పించారు.

టీ తాగాక ఆమె, "అన్నీ సెప్పాలేటి?" అంది.

"నీకు సెప్పాలనిపించినంతే. తొందరేటీ నేదు."

ఆమె చాలాసేపు చెప్పింది. ఇంతలో వరండాలోంచి భర్త కేకేశాడు. "ఒసే, ఎంతసేపే? బస్సెల్లిపోతాది."

ఆమె లేచి గుమ్మంలో నిలబడింది. "నువ్వెల్లు. నాను మా అమ్మింటికెల్తన్నాను. నా సేపల గంప అక్కడికే పంపు."

అతను మేడమ్ వైపు తిరిగాడు. "ఏటమ్మా, దీనికేటి నేర్పీసినారు?"

మేడమ్ ఖాళీ టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నారు.

"ఆవిడ్నేటి అడుగుతావు?" అంది ఆమె. "సెప్పింది నాను."

బస్సుకి అతనొక్కడే వెళ్లాడు.